సకినాల డబ్బా గేటు బయట, కూల్‌డ్రింక్ పెట్టెలు తలుపు ముందు

మా అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. నోరు తెరిచి ఏదీ అడగదు. అలాంటిది పోయిన నెలలో ఒక రాత్రి మందులు వేసుకుంటూ, "మీ మామయ్యతోని ఆఖరుసారి సిన్మా చూసిన టాకీసుల ఇంకోసారి కూసోవాలె బిడ్డా" అన్నది. ఏ సినిమా అయినా ఫర్వాలేదట. ఆ బాల్కనీలో కూర్చుంటే చాలట.

టాకీసు పేరు, ఊరు రెండూ రాయను. ఇది ఒక్క టాకీసు కథ కాదు కాబట్టి. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఎక్కడైనా అనుకోండి. మీ ఊళ్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది, లేదా ఉండేది. పెద్ద గేటు, లోపల సైకిళ్లకు వేరే, స్కూటర్లకు వేరే రేకుల షెడ్డు, నున్నటి మొజాయిక్ గచ్చు, రెండు వైపుల నుంచి వంపు తిరిగి పైకి పోయే వెడల్పాటి మెట్లు, మెట్లకు ఇత్తడి పట్టీలు. సినిమా మొదలయ్యే ముందు దీపాలు ఒక్కొక్కటే తగ్గుతుంటే, కుచ్చుల కుచ్చుల తెర సంగీతంతో పైకి లేస్తుంది. ఈ టాకీసులో ఇప్పటికీ తెర లేస్తుంది. ఇంట్లో ఎంత పెద్ద టీవీ పెట్టుకున్నా ఆ అర నిమిషం రాదు. అది చూసి మా చిన్నది "అమ్మా, నిజం తెరనే!" అని అరిచింది. మాల్‌లో పెరిగిన పిల్ల కదా.

ఇంత చెప్పింది ఎందుకంటే, పాత థియేటర్లంటే పడక రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దని. నాకు అవంటే ప్రాణం. కోపం కూడా అందుకే.

ముందు గేటు దగ్గర జరిగింది చెప్తాను. మధ్యాహ్నం రెండున్నర ఆట. అత్తమ్మకు షుగర్. పన్నెండున్నరకే తిని గోలీ వేసుకుంటుంది, నాలుగింటికి ఏదో ఒకటి నోట్లో పడాలి. అందుకని ఒక చిన్న స్టీలు డబ్బాలో సకినాలు, ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక నీళ్ల సీసా సంచిలో పెట్టుకున్నాను. గేటులో ఆడవాళ్ల సంచులు మాత్రమే వెతుకుతున్నారు. మగవాళ్ల జేబులు ఎవరికీ పట్టలేదు. మా ముందు వెళ్లిన ఒకాయన ప్యాంటు జేబులో గుట్కా ప్యాకెట్లు ఎత్తుగా కనబడుతున్నాయి. ఆయన దర్జాగా లోపలికి పోయాడు. నా సకినాలు దొరికిపోయాయి.

"తిండి సామాను లోపలికి తీస్కపోనియ్యరమ్మా" అన్నది గేటు దగ్గరి పిల్ల. ఇరవై ఏళ్లుంటాయేమో. మా అత్తమ్మ మెల్లగా, "గిదేంది బిడ్డా, నాలుగు సకినాలే గద. షుగర్ ఉన్నది నాకు" అన్నది. ఆ పిల్ల మొహంలో ఇబ్బంది కనబడింది. గోడమీద బోర్డు చూపించింది. నేను మాట్లాడబోతే మా ఆయన నా మోచేయి పట్టుకుని, "అక్కడ పెట్టేయి, నలుగుర్ల గొడవెందుకు" అన్నారు. పెట్టేశాను. గుడి బయట చెప్పులు విడిచినట్టు అప్పటికే ఆ బల్ల మీద పది నీళ్ల సీసాలు, నాలుగు టిఫిన్ డబ్బాలు, పిల్లల పాలసీసా ఒకటి ఉన్నాయి.

ఆ పాలసీసా చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. చట్టం కూడా దాన్ని ఆపమనలేదు మరి.

చాలామందికి సగం సంగతే తెలుసు, కాబట్టి మొత్తం చెప్తాను. బయటి తిండి తెచ్చుకోనివ్వాలని 2018లో జమ్మూకశ్మీర్ హైకోర్టు చెప్పింది. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. హాలు యజమాని సొంత ఆస్తి, లోపలికి ఏం రావాలో ఏం రాకూడదో నియమం పెట్టుకునే హక్కు ఆయనకుంది, కొనడం మానడం ప్రేక్షకుడి ఇష్టం అన్నది. ఎవరైనా జిలేబీ తెచ్చి తిని చేతులు సీటుకు తుడిస్తే శుభ్రం చేసే ఖర్చు ఎవరిదని ప్రధాన న్యాయమూర్తి అడిగిన మాట పేపర్లన్నీ రాశాయి. యజమానులు అంతవరకే కోసి గోడమీద అంటించుకున్నారు. అదే కోర్టు అదే రోజు ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది. శుభ్రమైన తాగునీళ్లు హాలులో ఉచితంగా పెట్టాలి. చంటిపిల్లలకు కావలసిన తిండి తల్లిదండ్రులు తెచ్చుకుంటే అడ్డు చెప్పకూడదు. ఆ రెండు మాటలు నేను ఏ గోడమీదా చూడలేదు.

కోర్టు మాట కాదనను. కానీ సకినం జిలేబీ కాదు కదండీ. పాకం లేదు, జిడ్డు లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము. విరిగితే చప్పుడవుతుందంటే ఒప్పుకుంటాను. సీటు పాడవుతుందంటే మాత్రం నవ్వొస్తుంది. నేను కూర్చున్న సీటుకు ఎవరో అంటించిన చూయింగ్ గమ్ రాయిలా గట్టిపడి ఉంది. చంటిపిల్లకు పాలు తప్పవని ఒప్పుకున్నప్పుడు, డెబ్బై దాటిన షుగర్ మనిషికి రెండు బిస్కెట్లు ఎందుకు తప్పుతాయి? ఆకలి ఓర్చుకోలేని ఒళ్లు రెండిటిదీ ఒకటే. చట్టంలో రాసి ఉందా అని అడిగే ముందు, గేటులో నిలబెట్టిన మనిషికి ఆ మాత్రం చూసి వదిలే అధికారం ఇవ్వొచ్చు కదా.

సరే, పైకి ఎక్కాం. మెట్లు అందంగా ఉన్నాయని చెప్పాను గానీ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పట్టుకోవడానికి కడ్డీ ఒక వైపే ఉంది, అది కూడా ఊగుతుంది. లిఫ్టు లేదు. పాత కట్టడం, అర్థం చేసుకోవచ్చు. అలాంటప్పుడు కింద క్లాసులో వెనక రెండు వరుసలైనా పెద్దవాళ్ల కోసం ఉంచితే ఏం పోతుంది?

సీట్ల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. మాకు దొరికింది బాల్కనీ మొదటి వరుస. అదే రాజయోగం అనుకుంటారు అందరూ. మా ఆయన కూడా అదే అనుకుని ఎగిరి పట్టుకున్నారు. ఆ వరుస ముందు పిట్టగోడ, దాని మీద పడిపోకుండా ఇనుప కడ్డీ. మా పెద్దోడు ఆరడుగుల వాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు. అయిదడుగులు కూడా లేని అత్తమ్మకు తెర కింది భాగం మొత్తం కడ్డీ వెనకాలే. హీరో నడుస్తుంటే నడుము నుంచి పైకే కనబడ్డాడు. ముందుకు వంగి చూద్దామంటే కొత్తగా వేసిన సోఫా సీట్లు మనిషిని మింగేస్తాయి. పాత చెక్క కుర్చీలు నడుముకు నొప్పే గానీ ఎత్తు సరిగ్గా ఉండేది. హాలు కట్టినవాళ్లు ఆ కుర్చీ ఎత్తును బట్టే మెట్టు, గోడ లెక్క వేసుకుని ఉంటారు. ఇప్పుడు కుర్చీ మార్చారు, మెట్టు మార్చలేదు. లోపల కూరుకుపోయే సీటులో మనిషి నాలుగైదు అంగుళాలు కిందికి దిగిపోతే, ముందువాడి తల, కడ్డీ అన్నీ పైకి లేస్తాయి. పాత హాలుకు కొత్త సోఫాలు వేసిన ప్రతిచోటా ఇదే తంతు.

ఇంటర్వెల్ తర్వాత ఖాళీ చూసి వెనక్కి మారాం. నా అనుభవం ఏమంటే, ఇలాంటి బాల్కనీల్లో మూడో వరుస, నాలుగో వరుస నడిమి సీట్లు మంచివి. చివరి వరుసలో ప్రొజెక్టర్ గది రొద వినబడుతుంది, పై కప్పు కిందికి దిగినట్టుంటుంది. పక్కల మొదటి నాలుగు సీట్లలో కూర్చుంటే వెడల్పు తెర ఒక చివర లాగినట్టు కనబడుతుంది. కింద క్లాసులో మధ్య నుంచి వెనక్కి వెళ్తే మెడ నొప్పి లేదు, మెట్లూ లేవు, ధర కూడా తక్కువ. ఈ సంగతులు ఫోన్‌లో సీటు ఎంచుకునే బొమ్మలో ఉండవు. అందులో అన్ని గళ్లూ ఒకే సైజు, ఒకే రంగు. కడ్డీ వెనక సీటుకూ నడిమి సీటుకూ ఒకటే ధర. కూరగాయల బండి అతను కూడా పుచ్చు వంకాయ పక్కకు తీసి తక్కువకు ఇస్తాడు. సగం తెర కనబడని సీటును పూర్తి ధరకు అమ్ముతూ చెప్పకపోవడాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

మా చిన్నప్పుడు పండగ సినిమాలకు నడవలో మడత కుర్చీలు వేసేవాళ్లు. ఆ కుర్చీ దొరికితే మాకు సంబరం. పెళ్లయ్యాక పేపర్లో ఢిల్లీ ఉపహార్ థియేటర్ కేసు గురించి చదివాను. 1997 జూన్ 13. కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మంట లేస్తే పొగ బాల్కనీ నిండా కమ్మింది, 59 మంది చనిపోయారు. అదనపు సీట్ల కోసం అక్కడ ఒక వైపు దారి మూసేశారు. అప్పటి నుంచి నేను ఏ హాలుకు వెళ్లినా ముందు బయటికి పోయే తలుపులు ఎక్కడున్నాయో చూస్తాను. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

ఈ టాకీసులో బాల్కనీ ఎడమ పక్క తలుపు మీద పచ్చ దీపం వెలుగుతోంది. దాని ముందు కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్ పెట్టెలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. క్యాంటీన్ సామాను పెట్టుకునే చోటు అదన్నమాట. నా సంచిలోని సకినాలు లోపలికి రాకూడదు, వాళ్ల పెట్టెలు మాత్రం ప్రాణం కాపాడే తలుపుకు అడ్డంగా ఉండొచ్చు. ఈ వ్యాసం రాయాలని నిర్ణయించుకున్నది ఆ క్షణంలోనే.

ఇక ఖర్చు. మేం అయిదుగురం. టికెట్ 150, జీఎస్టీతో 177. మొత్తం 885. పార్కింగ్ 30. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ రెండు 360, కూల్‌డ్రింక్ కప్పులు మూడు 330, అరలీటరు నీళ్ల సీసాలు రెండు 80, సమోసాలు 80. అంటే తాగుడు తిండి 850. సినిమాకు ఎంతో, నోటికీ దాదాపు అంతే. కలిపి 1765. దాదాపు రెండు గ్యాస్ సిలిండర్లు.

110 రూపాయల కప్పులో సగం ఐసు. బయట రెండు లీటర్ల సీసాకు కాస్త అటూ ఇటూగా అదే ధర. సీసా అమ్మితే దాని మీద అచ్చువేసిన ఎమ్మార్పీ ఉంటుంది. ఒకే సరుకు మీద రెండు ఎమ్మార్పీలు వేయకూడదని కేంద్రం నియమం మార్చింది, 2018 జనవరి నుంచి అమలు. అదే ఏడు ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో తూనికలు కొలతల శాఖ, మల్టీప్లెక్సులు ధరా పరిమాణం స్పష్టంగా రాయాలని, ఎమ్మార్పీకి మించి అమ్మవద్దని గట్టిగా చెప్పింది. మరి కప్పులో పోస్తే ఎమ్మార్పీ ఎక్కడుంటుంది? అందుకే కప్పు వచ్చింది. పన్నులు ఎక్కువ అంటారా, హాలులో అమ్మే తిండికి 5 శాతమే జీఎస్టీ అని 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది.

పాప్‌కార్న్ అంటే ఏమిటి, మక్క ప్యాలాలు. మన జిల్లాల్లో మక్క పండించని ఊరుందా? 2025-26కు క్వింటాల్ మక్కలకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర 2400. కిలో 24 రూపాయలు. పేలే మక్క రకం వేరు, ధర ఎక్కువ, ఒప్పుకుంటాను. ఎంత వేరైనా, ఒక డబ్బాలో పట్టేది గుప్పెడు గింజలు, పైన ఇంత నూనె, ఉప్పు, పసుపు రంగు. 180. రైతు ఎండబోసిన మక్కలు తడిస్తే కొనేవాడు ఉండడు. అవే ఏసీలో పేలితే బంగారం.

2021 డిసెంబర్‌లో మన ప్రభుత్వం టికెట్లకు హద్దు పెట్టింది. ఏసీ థియేటర్లలో 50 నుంచి 150, మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250, జీఎస్టీ అదనం. పెద్ద సినిమాలు వచ్చినప్పుడు ప్రత్యేక ఉత్తర్వులతో పెంచుకుంటారు, దాని మీద టీవీల్లో రోజంతా చర్చలు. నేను అడిగేది ఒకటే. టికెట్‌కు హద్దు ఉన్నప్పుడు నీళ్లకు ఎందుకు లేదు? సినిమా మానుకోవచ్చు. మూడు గంటలు కూర్చోబెట్టి, సీసా గేటులో తీసేసుకుని, దాహం మానుకోమనడం కుదరదు. "కొనమని ఎవరన్నారు" అనే మాట పాప్‌కార్న్‌కు చెల్లుతుంది. నీళ్లకు చెల్లదు. ఉచిత నీళ్లు ఉన్నాయా అంటే ఉన్నాయి, మూత్రశాల పక్కన ఒక మిషన్. గ్లాసుకు గొలుసు ఉంది, నల్లాకు నీళ్లు లేవు.

నాలుగు దాటాక ఇంటర్వెల్ వచ్చింది. ఆట ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది మరి. దీపాలు వెలిగేసరికి అత్తమ్మ నుదురంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. షుగర్ పడిపోయింది. కౌంటర్ దగ్గర మంది ఒకరి మీద ఒకరు. "మా అత్తమ్మకు బాగలేదు, జర జరగండన్నా" అని అరిచి, ఎవరిదో చేతిలోకి వెళ్తున్న కప్పు పట్టుకొచ్చాను. ఆ మనిషి ఏమీ అనలేదు, ఆయనకు దండం. రెండు గుక్కలు తాగాక పది నిమిషాలకు కుదురుకుంది. ఆ 110 రూపాయలకు నాకు బాధ లేదు. రెండు బిస్కెట్లు సంచిలో ఉండి ఉంటే ఆ పది నిమిషాలు ఉండేవి కావు కదా, దానికి ఇంకా ఒళ్లు మండుతోంది.

థియేటర్ నడిపేవాళ్ల గోడు నాకు తెలియక కాదు. మా దూరపు చుట్టం ఒకాయన చాన్నాళ్లు ఒక టాకీసులో మేనేజర్‌గా చేశాడు. టికెట్ డబ్బులో వాళ్లకు మిగిలేది తక్కువ, చాలాచోట్ల వాళ్లకు వచ్చేది అద్దె మాత్రమే. అద్దె వద్దు, మల్టీప్లెక్సులకు ఇచ్చినట్టు శాతం ఇవ్వండి అని 2025 మే నెలలో యజమానులు జూన్ నుంచి హాళ్లు మూస్తామన్నదాకా వచ్చింది. 2024 వేసవిలో సినిమాల్లేక మన రాష్ట్రంలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకున్నారు. క్యాంటీన్‌ను ఏడాదికి ఇంతని గుత్తకు ఇస్తారు, గుత్త తీసుకున్నవాడు దాన్ని మన గొంతులోంచి లాగుతాడు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో రామకృష్ణ, క్రాస్ రోడ్స్‌లో ఓడియన్ లాంటివే నిలవలేకపోయాయి. ఇదంతా నిజమే. అయితే నిర్మాతతో, పంపిణీదారుతో తేల్చుకోవలసిన తగవును షుగర్ మనిషి డబ్బా మీద తీర్చుకుంటామా? వాళ్లతో కొట్లాడే ధైర్యం లేక మనతో కొట్లాడుతున్నారు. ఎందుకంటే మనం కొట్లాడం. "నలుగుర్ల గొడవెందుకు" అంటాం.

ఆ మాట అనేది ఎక్కువగా మగవాళ్లే, గమనించారా? సంచి సర్దేది మేము, సంచి వెతికించుకునేది మేము, ఇంటర్వెల్‌లో పిల్లల ఏడుపు వినేది మేము. ఇజ్జత్ మాత్రం వాళ్లది. 850 బిల్లు కట్టి, ఇంటికొచ్చి నెలాఖరులో పాలప్యాకెట్ లెక్క అడిగేదీ వాళ్లే. మా ఆయన ఇది చదువుతారు. చదవనీ.

జనం హాలుకు రాకపోవడానికి ఓటీటీ కారణం అంటారు. మన సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన బలగం 2023 మార్చిలో వచ్చినప్పుడు ఏం జరిగింది? ఊళ్లకు ఊళ్లు పంచాయతీ ముందు తెర కట్టుకుని చూశాయి. మా అమ్మగారి ఊళ్లోనూ అంతే. హక్కులు తీసినవాళ్లవి, అలా వేయొచ్చా అన్నది వేరే సంగతి. నేను చెప్పేది ఆ రాత్రి సంగతి. ఇళ్లనుంచి చాపలు, చెంబులతో నీళ్లు, ముసలోళ్లకు దుప్పట్లు. సినిమా అయిపోయేసరికి ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. ఫోన్‌లో చూడగలిగిన సినిమాకే అంతమంది కదిలారు. పదిమందిలో కూర్చుని చూడాలనే కోరిక ఎక్కడికీ పోలేదు.

ఆ టాకీసు వరండాలో ఇంకో సంగతి కనబడింది. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హీరో అయ్యాడు, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. మా పెద్దోడికి ఆయన ఎవరో తెలియదు. వరండా గోడమీద ఆయన బొమ్మ ఒకటి ఉంటే అడిగి తెలుసుకునేవాడు. అక్కడ ఉన్నవి మూడు కూల్‌డ్రింక్ ప్రకటనలు.

ఆట అయ్యాక కిందికి దిగి డబ్బా తీసుకున్నాం. అత్తమ్మ మూత తీసి గేటు దగ్గరి పిల్లకు రెండు సకినాలు పెట్టింది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి చున్నీ చెంగులో చుట్టుకుంది. "పొద్దున పదింటికి వచ్చిన్నమ్మా" అన్నది.

మర్నాడు ఒక కాగితం రాసి మేనేజర్‌కు ఇచ్చి వచ్చాను. నాలుగు సంగతులు: తలుపు ముందు పెట్టెలు తీయండి, నీళ్ల మిషన్ బాగుచేయండి, పసిపిల్లల పాలు, జబ్బు మనుషుల తిండి ఆపకండి, మొదటి వరుసకు కడ్డీ అడ్డం ఉందని టికెట్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఆయన మర్యాదగానే "చూస్తాం మేడమ్" అన్నాడు. ఎన్ని రోజుల్లో అంటే పదిహేను అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు నా ఫోన్‌లో ఉందని కూడా చెప్పాను, నవ్వుతూనే.

పదిహేను రోజులు వచ్చే ఆదివారానికి అవుతాయి. అత్తమ్మ వస్తానంటోంది. ఈసారి కింద క్లాసు, వెనక నుంచి రెండో వరుస, నడిమి సీట్లు. బిస్కెట్లు నా సంచిలోనే ఉంటాయి, గేటులో మాట్లాడేది నేనే. మా ఆయన బండి పార్క్ చేసి వస్తే చాలు.